కొట్టించిన కొబ్బరిమాను తొర్రలో గోరింక పిల్లలు దొరికాయి, ఏం చెయ్యాలి?

లంకరైతు, ముమ్మిడివరం దగ్గర:

నమస్కారమండి. మా పెరట్లో తల పోయిన కొబ్బరిమాను ఒకటి వంటపాక మీదకి ఒరిగిపోతోందని ఈ పొద్దున్న కొబ్బరికాయలు దింపే దింపు అతన్ని పిలిచి కొట్టించాం. పై ముక్కకి తాడు కట్టి కిందకి దింపుతుంటే తొర్రలోంచి కిచకిచమని చప్పుడు వచ్చింది. చూస్తే మూడు గోరింక పిల్లలు. కళ్ళు తెరిచాయి గానీ ఒంటి మీద ఈకలు ఇంకా ముళ్ళలాగే ఉన్నాయి. ఒకదానికి రెక్క కింద కాస్త గీరుకుపోయింది. మిగతా రెండూ బాగానే ఉన్నాయి. తొర్ర ఉన్న మొద్దు కూడా పెరట్లోనే పడి ఉంది.

తల్లీ తండ్రీ కరెంటు తీగ మీద కూర్చుని ఒకటే అరుపు. పక్కింటివాళ్ళేమో మనిషి చెయ్యి తగిలింది కాబట్టి ఇక తల్లి వాటిని దగ్గరకి రానివ్వదు, పొడిచి చంపేస్తుంది అంటున్నారు. మా అమ్మ పాలలో బ్రెడ్డు నానబెట్టి పెడదామంటోంది. మా అమ్మాయి పంజరం కొనమని ఏడుపు. రోహిణి కార్తె ఎండ ఎలా ఉందో మీకు తెలుసు. ఏం పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి, పెంచి వదిలేస్తే బతుకుతాయా? తెలిసినవాళ్ళు కాస్త త్వరగా చెప్పండి.

గోదారిగట్టు, కొత్తపేట:

అట్టపెట్టెలో గుడ్డ వేసి పెట్టండి. పసిపిల్లలకి పెట్టే పొడి పల్చగా కలిపి సిరంజితో పట్టండి, మధ్యమధ్యలో నీళ్ళు పట్టండి. మా బంధువుల ఇంట్లో చిలకపిల్లని అలాగే పెంచారు, మాటలు కూడా వచ్చాయి దానికి.

కుట్టుమిషను, రాజోలు వైపు:

లంకరైతు గారూ, సిరంజి పక్కన పెట్టండి. పాలు, బ్రెడ్డు, నీళ్ళు ఏమీ పెట్టకండి. మీ దగ్గర ఉన్నవి దిక్కులేని పిల్లలు కావండి. తీగ మీద అరుస్తున్నది వాటి అమ్మానాన్నలే. మీరు చెయ్యాల్సింది పెంచడం కాదు, ఆ మొద్దుని మళ్ళీ నిలబెట్టడం. దింపు అతను వెళ్ళిపోకపోతే ఆపండి, వెళ్ళిపోతే మళ్ళీ పిలవండి. సాయంత్రం లోపు అయిపోవాలి.

నేను ఇంట్లో బట్టలు కుడతాను, మా ఆయన దింపు తీస్తారు. వేసవి వచ్చిందంటే ఆయన తుండుగుడ్డలోనో, తోటివాళ్ళ సంచుల్లోనో ఏదో ఒక పిల్ల మా ఇంటికి రావడం ఏటా ఉండేదే. అలా వచ్చినవాటిలో నేను పెంచినవాటి కంటే మా ఆయన తిరిగి చెట్టెక్కి పెట్టొచ్చినవే బాగా బతికాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొద్దు సంగతి చెబుతాను. ముందు పిల్లల్ని తీసి గుడ్డ పరిచిన బుట్టలో, నీడలో, చీమలు ఎక్కని చోట ఉంచండి. తొర్ర నోటికి పైన ఒక జానెడు, తొర్ర అడుక్కి కింద ఒక జానెడు వదిలి రంపంతో కోయించండి. గొడ్డలి వద్దు, ఆ అదురుకి పుచ్చిన మాను రెండుగా చీలిపోతుంది. లోపల ఉన్న గడ్డి, ఈకలు, పీచు, పాము కుబుసం ముక్కలు అన్నీ అలాగే ఉంచండి, అది వాటి పక్క. అడుగు ఊడిపోయి ఉంటే చెక్క ముక్క కొట్టించి, వాన నీరు నిలవకుండా దానికి సన్నటి చిల్లులు పెట్టించండి. పైన తెరిచి ఉంటే తాటాకు ముక్క మడిచి కప్పండి. ఒట్టి రేకు కప్పితే ఈ ఎండకి లోపల ఉడికిపోతాయి.

తర్వాత ఆ పాత మానుకి దగ్గరలో ఉన్న చెట్టుకి, రెండు నిలువుల ఎత్తుకి తగ్గకుండా, మొద్దుని నిలువుగా ఆనించి పైన ఒకచోట, కింద ఒకచోట తాడు బిగించి కట్టించండి. నోరు తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. పడమటి ఎండా, నైరుతి వానా నేరుగా లోపలికి కొట్టకూడదు. పిల్లి తిరిగే పెరడైతే ఎలకలు ఎక్కకుండా కొబ్బరిచెట్టుకి చుట్టే రేకు ఉంటుంది కదా, అదే మొద్దుకి కింద చుట్టించండి. పిల్లల్ని లోపల పెట్టాక అందరూ ఇంట్లోకి వెళ్ళిపోండి. కిటికీలోంచి చూడండి. తల్లి ముక్కున పురుగు పట్టుకుని పాక కొప్పు మీద వాలుతుంది, మొద్దు వైపు చూస్తుంది, ఎగిరిపోతుంది, మళ్ళీ వస్తుంది. గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. ఆ టైములో పెరట్లో ఎవరైనా తిరిగితే అది దిగదు. లోపల పిల్లలు ఆకలికి అరుస్తుంటే మాత్రం దాని మనసు ఆగదు.

చీకటి పడే వేళకి కూడా రాకపోతే పిల్లల్ని ఇంట్లోకి తెచ్చుకోండి. ఈకలు విచ్చని పిల్లకి రాత్రి తల్లి పొదగకపోతే ఒళ్ళు చల్లబడిపోతుంది. తెల్లవారుతూనే మళ్ళీ మొద్దులో పెట్టాలి.

చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట మా వైపూ అంటారు. అది నిజం కాదండి. ఇలాంటి పిట్టలు పిల్లల్ని వాసన చూసి గుర్తుపట్టవు. గూడు ఉన్న చోటు, పిల్లల గొంతు, పసుపుపచ్చ అంచులతో తెరుచుకునే నోరు, వాటికి తెలిసేవి ఇవి. మనం దగ్గర్లో నిలబడి ఉంటే భయపడి రావు. దాన్ని చూసి వదిలేసిందనుకుంటారు.

గోదారిగట్టు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ పిట్టపిల్ల నోరు తెరిచినప్పుడు ఒకసారి జాగ్రత్తగా చూడండి. నాలుక మొదట్లోనే చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది ఊపిరి దారి. సిరంజితో నీళ్ళు కొడితే నేరుగా అందులోకి పోతాయి. పిల్ల తుమ్మినట్టు చేస్తుంది, ముక్కు దగ్గర బుడగలు వస్తాయి, ఇక నిలవదు. పాలు పక్షులకి అరగవు. చిలక సంగతి కూడా చెప్పాలి. మన రామచిలకని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. 2018లో దాన్నే మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా కూడా ప్రకటించారు. గోరింకలు కూడా ఆ చట్టం కిందకే వస్తాయి.

ఇంకో మాట చెప్పాలి, ఇది మానులు కొట్టించే అందరికీ. మెరుపు పడో, కొమ్ముపురుగు తినో, ఎర్రముక్కు పురుగు తొలిచో మొవ్వు పోయిన మాను మనకి పనికిరానిది. పిట్టలకి అదే ఇల్లు. వడ్రంగిపిట్ట ముందు కన్నం చేస్తుంది, చిలక దాన్ని పెద్దది చేసుకుంటుంది, అవి వదిలేశాక గోరింకలూ, పైడికంట్లనే చిన్న గుడ్లగూబలూ చేరతాయి. మా వైపు శంకరగుప్తం డ్రెయిన్ పొడుగునా ఉప్పునీళ్ళకి తలలు రాలిపోయిన చెట్లున్నాయి. రైతు కడుపు కాలుతుంది వాటిని చూస్తే, కాదనను. కొట్టించక తప్పనివి కొట్టించండి. కానీ మార్చి నుంచి ఆగస్టు దాకా అయితే ముందు మాను మీద కర్రతో తట్టి, కాసేపు దూరంగా నిలబడి ఏదైనా వచ్చి వెళుతోందేమో చూడండి. ఇంటి మీదకీ తీగల మీదకీ ఒరగని మాను అయితే తుపానుల రోజులు మొదలయ్యే ముందు, పిల్లలు ఎగిరిపోయాక, సెప్టెంబరులో కొట్టించుకోవచ్చు.

లంకరైతు:

అమ్మా, మీ మాట ప్రకారం చేశాం. దింపు అతను మొదట ఎందుకులెండి అన్నాడు గానీ, మీరు రాసింది చదివి వినిపిస్తే తనే రంపం తెచ్చుకున్నాడు. పక్కనున్న పనసచెట్టుకి కట్టాం. మధ్యాహ్నం అంతా రాలేదు, ఆశ వదులుకున్నాం. నాలుగు దాటాక ఒకటి మిడతని పట్టుకుని వచ్చి మొద్దు అంచున వాలింది, లోపలికి తొంగి చూసి పెట్టేసి వెళ్ళింది. ఆ తర్వాత రెండూ వరసగా తిరిగాయి. రెక్క కింద గీరుకున్న పిల్లకి పసుపు పెట్టనా? అది ఒక్కటే తీసి చూడాలా?

పశువైద్యశాల కాంపౌండరు, పాలకొల్లు:

పసుపు, నూనె, పూతమందులు ఏవీ వద్దండి. ఈకలు అంటుకుపోతాయి, తల్లి ముక్కుతో తుడిస్తే కడుపులోకి పోతుంది. రక్తం ఆగి, చర్మం మాత్రమే గీరుకుని ఉంటే వదిలెయ్యండి, మళ్ళీ తియ్యకండి. రెక్క వేలాడుతుంటేనే డాక్టరుకి చూపించాలి.

పిల్లి నోట్లో పడిన పిట్ట సంగతి వేరు. పైకి గాటు కనిపించకపోయినా పిల్లి పంటి నుంచి వెళ్ళే సూక్ష్మజీవి ఒక్క రోజులో ఒళ్ళంతా పాకుతుంది. దానికి యాంటీబయోటిక్ కావాలి, అదీ అదే రోజు. మనుషుల మాత్ర ముక్క చేసి వెయ్యకండి, పిట్ట బరువుని బట్టి డోసు డాక్టరుగారు కట్టాలి.

కోళ్ళు పెంచేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్ళకి బర్డ్ ఫ్లూ తేలింది. అడవి పిట్టనీ పెరటి కోళ్ళనీ ఒకచోట ఉంచొద్దు, ఒకే గిన్నె వాడొద్దు, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒకేచోట పిట్టలు గుంపుగా చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా మాకు కబురు చెయ్యండి.

యానాంబాబు:

అక్కా, నాదీ ఇలాంటిదే గానీ నాకు నిలబెట్టడానికి మొద్దు లేదు. మా వీధిలో పాత షాపు పడగొట్టారు, షట్టరు చుట్టుకునే పెట్టెలో గోరింక గూడు ఉందట. రెండు పిల్లలు. కూలివాళ్ళు సంచిలో వేసి నాకిచ్చారు. అదే గోడ పక్కన బుట్ట కట్టి నిన్నంతా చూశాను, పెద్దవి రాలేదు. ఒక గోరింక తీగ కింద చచ్చిపడి ఉందని ఎదురింటాయన అన్నారు. ఈ రోజు పొద్దున్న కూడా చూశాను, రాలేదు. రాత్రి వెచ్చగా ఉంచి, ఉడికించిన గుడ్డు కొంచెం పెట్టాను, తిన్నాయి. ఈకలు మొలుస్తున్నాయి. పెంచకపోతే చచ్చిపోతాయి కదా. ఎలా పెంచాలి?

కుట్టుమిషను:

తమ్ముడూ, నువ్వు బుట్ట కట్టి చూశాకే అడుగుతున్నావు, సంతోషం. ఇక వాటికి నువ్వే గతి. ముందు అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేసి ఇలా రెండు పిల్లలు నా దగ్గర ఉన్నాయని చెప్పు. తీసుకెళ్ళి చూసుకునే ఏర్పాటు వాళ్ళకి ఉంటే ఇచ్చెయ్యి, అదే మంచిది. ఈలోపు ఆకలితో ఉంచకూడదు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

వెచ్చదనం ముందు, తిండి తర్వాత. ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లకి తిండి పెడితే అరగక లోపలే పులిసిపోతుంది. పగలు మన ఎండ చాలు, నీడలో గాలి ఆడేచోట ఉంచు, ఫ్యాను కింద వద్దు. రాత్రి గోరువెచ్చని నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి బుట్టలో ఒక పక్కన పెట్టు, రెండో పక్క ఖాళీగా ఉంచు. చలేస్తే సీసాకి ఆనుకుంటాయి, ఉక్కపోస్తే ఇవతలికి జరుగుతాయి. నోరు తెరిచి మెడ చాచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని అర్థం.

ఇక అవి పడుకునే పక్క సంగతి. నా దగ్గర గుడ్డముక్కలకి కొదవలేదు కాబట్టి ఎన్నో రకాలు వేసి చూశాను. పాత నూలు చీర ముక్కలే మంచివి. అంచులు మడిచి కుట్టి వెయ్యాలి, లేకపోతే ఊడిన దారం కాలికి చుట్టుకుని వేలు నల్లబడిపోతుంది. కొబ్బరిపీచు ఊరికే దొరుకుతుంది గానీ దానితోనూ అదే బాధ, దూదికి గోళ్ళు చిక్కుకుంటాయి. నున్నటి ప్లాస్టిక్ డబ్బాలో అసలు ఉంచకు. కాళ్ళు రెండు పక్కలకీ జారిపోయి, అలాగే గట్టిపడిపోతాయి. చిన్న వెదురుబుట్టలో గుడ్డని గుంటలాగా నొక్కి పెడితే కాళ్ళు ఒంటి కిందకి ముడుచుకుని కూర్చుంటాయి. ఆ బుట్టని స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్ళు నీళ్ళు పోసిన గిన్నెల్లో ఉంచు. గండుచీమలు పట్టాయంటే ఒక్క రాత్రిలో పిల్ల మిగలదు.

తిండికి గుడ్డు మంచిదే, ఒక్క గుడ్డే అయితే చాలదు. పిల్లిపిల్లల కోసం అమ్మే పొడి మేత పెట్స్ షాపులో దొరుకుతుంది, అది నీళ్ళలో నానబెట్టి మెత్తగా చిదిమి, ఉడికిన గుడ్డు కలుపు. గుడ్డుపెంకు శుభ్రంగా ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా దంచి రోజూ చిటికెడు కలుపు. అన్నం, రొట్టె పెట్టి పెంచిన పిల్లలకి ఎముకలు వంగిపోతాయి. పైకి బొద్దుగానే ఉంటాయి, నిలబడమంటే కాలు విరుగుతుంది. రోజులో సగం పురుగులు ఉండాలి. మిడతలు, ఇలకోళ్ళు, చెదలు, వాన పడ్డ రాత్రి దీపం దగ్గరకొచ్చే ఉసుళ్ళు. మిడతల తలా, వెనక కాళ్ళూ తీసేసి పెట్టు. మందు కొట్టిన చేలో పట్టకు, ఏటిగట్టు మీద గడ్డిలో పట్టు. మన వైపు చేతికి అందుతుంది కదా అని రొయ్యల మేత పెట్టేవాళ్ళున్నారు. చెరువు కోసం చేసింది పిట్టకి పెట్టొద్దు. ఉప్పు, కారం, నూనె తగిలింది ఏదీ వద్దు.

పెట్టడానికి కొబ్బరి ఈనె పుల్ల తీసుకుని కొసని నలిపి మెత్తగా, గుండ్రంగా చెయ్యి. దాని మీద శనగగింజంత ముద్ద. బుట్ట అంచున వేలితో తడితే తల్లి వాలిందనుకుని మెడలు నిక్కించి నోళ్ళు తెరుస్తాయి. నాలుక మొదట్లో ఆ ఊపిరి దారి దాటించి, వెనక్కి, లోతుగా పెట్టు. మింగిందో లేదో చూసి రెండోది. నోరు తెరవడం ఆపేస్తే చాలని అర్థం, బలవంతాన ముక్కు విప్పకు. తిన్న వెంటనే పిల్ల వెనక్కి తిరిగి, తోక ఎత్తి, తెల్లటి సంచిలాంటిది వదులుతుంది. పలచటి పొరలో గట్టిగా మూటకట్టినట్టుంటుంది, పట్టకారుతో ఎత్తితే పగలదు. తల్లి అయితే ముక్కుతో ఎత్తి దూరంగా పారేసి వస్తుంది. ఆ సంచి గట్టిగా, తెల్లగా వస్తోందంటే కడుపు బాగుందని నాకు ధైర్యం. నీళ్ళలా, వాసనగా వస్తే తిండిలోనో వేడిలోనో ఏదో తేడా ఉంది.

పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా అరగంటకోసారి పెట్టాలి. ఈకలు విచ్చుకున్నాక గంటకోసారి చాలు. రాత్రి పెట్టక్కర్లేదు, తల్లి కూడా పెట్టదు. నేను ఇంట్లో కూర్చుని కుట్టుకుంటాను కాబట్టి నాకు వీలయింది. నువ్వు ఉద్యోగానికి పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేవాడివైతే ఇంట్లో ఇంకొకరు పూర్తిగా ఒప్పుకోవాలి. లేకపోతే ఈ రోజే అటవీశాఖకి అప్పజెప్పు. నీళ్ళు విడిగా పట్టొద్దు, ముద్ద తడిగా ఉంటే అదే దాహం తీరుస్తుంది.

ఇదంతా గోరింకకి. గువ్వపిల్ల అయితే అసలు నోరు తెరవదు, తల్లి గొంతులో ముక్కు పెట్టి తాగే జాతి అది, గొట్టంతో పట్టడం తెలిసినవాళ్ళ దగ్గరకే తీసుకెళ్ళాలి. పైడికంటి పిల్లకి మాంసం కావాలి, గుడ్డు ముద్దతో బతకదు. చిలకపిల్ల ఎదగడానికి గోరింకకి రెట్టింపు రోజులు పడుతుంది.

యానాంబాబు:

అక్కా, మా అన్నయ్య షాపు మూసి ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే ఉంటానన్నాడు. అటవీశాఖ వాళ్ళకి కూడా చెప్పాను. ఎగిరే దాకా చూసి వాళ్ళకి కబురు చెయ్యమన్నారు. ఇప్పుడు నా భయం వేరే. ఇవి నా చేతి మీదకెక్కి అరుస్తున్నాయి. ఎక్కడికెళ్ళినా చూస్తున్నాయి. వదిలేస్తే నన్ను వదిలిపోతాయా? వదిలేశాక ఎలా తింటాయి?

కుట్టుమిషను:

దీని గురించే నేను అందరితో పోట్లాడేది తమ్ముడూ. పిల్లని బతికించడం సగం పనే. దానికి మనిషంటే భయం మిగల్చడం మిగతా సగం. మా వీధిలో ఒకరు గోరింకని ముద్దుగా పెంచారు, పేరు పెట్టారు, భుజం మీద ఎక్కించుకుని తిప్పారు. వదిలేశాక అది కనిపించిన ప్రతి మనిషి దగ్గరకీ వెళ్ళి వాలేది. బడిపిల్లలు పట్టుకోబోతే పారిపోవాలని కూడా దానికి తెలియలేదు. చివరికి కుక్క నోట పడింది. ప్రేమ లేక కాదు ఆ ఇంట్లో. పిట్టకి ఏ ప్రేమ కావాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకని ఇప్పటి నుంచే పేరు పెట్టకు, మాట్లాడకు, చేతి మీద ఎక్కించుకోకు. తిండి పెట్టేటప్పుడు బుట్టకి గుడ్డ అడ్డం పెట్టి, చెయ్యి ఒక్కటే లోపలికి పోనివ్వు. టీవీ ఉన్న గదిలో ఉంచకు. రెండూ ఒకేచోట ఉన్నాయి, అది నీ అదృష్టం. ఒంటిపిల్ల మనిషినే తన జాతి అనుకుంటుంది. జంటగా పెరిగితే ఒకదాన్నొకటి చూసుకుంటాయి.

బుట్ట అంచు మీదకెక్కి రెక్కలు కొట్టుకోవడం మొదలెట్టాక ఇంట్లోంచి బయటకి మార్చాలి. మాకు గేదెలపాక ఉంది. దాని మూల పాత దోమతెరతో నేల నుంచి కప్పు దాకా కట్టేశాను. వల వాడకు, కాళ్ళూ మెడా ఇరుక్కుంటాయి. లోపల రకరకాల లావుల్లో ఎండుకొమ్మలు అడ్డంగా కట్టాలి, కింద లోతులేని మట్టి మూకుడులో నీళ్ళు పెట్టాలి. వాటంతట అవే అందులో దిగి స్నానం చేస్తాయి. పాక ఎందుకు ఎంచుకున్నానంటే గేదెల కాళ్ళ దగ్గర పురుగుల కోసం బయటి గోరింకలు పొద్దస్తమానం వస్తాయి. లోపలి పిల్లలు వాటిని చూస్తాయి, వాటి పిలుపు వింటాయి. పిల్లి కనబడగానే పెద్దవి ఏ అరుపు అరుస్తాయో అక్కడే నేర్చుకుంటాయి. అది నేను నేర్పగలిగేది కాదు. నీకు పాక లేకపోతే గోరింకలు దిగే మేడ మీదో పెరట్లోనో ఇలాంటిది కట్టు.

అక్కడికి మార్చాక పుల్లతో పెట్టడం తగ్గించు. పేడలో, ఎండుటాకుల్లో బతికున్న పురుగుల్ని కలిపి పడెయ్యి, వెతుక్కోనీ. జామపండు, బొప్పాయి ముక్కలు కొమ్మకి గుచ్చు. మొదట్లో నీ కాళ్ళ చప్పుడు వినగానే నోరు తెరిచి అరుస్తాయి, మనసు రాయి చేసుకోవాలి. అలాగని పస్తు ఉంచకూడదు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టి, మిగతాది వాటికే వదిలెయ్యి.

ఎప్పుడు వదలాలో పిట్టలే చెబుతాయి. ఈ కొస నుంచి ఆ కొసకి తడబడకుండా ఎగిరి కొమ్మ మీద సరిగ్గా వాలాలి. తమ తిండి తామే పొడుచుకోవాలి. ఒళ్ళు తడిస్తే ఈక మీద నీళ్ళు నిలవకుండా జారాలి. కొత్త మనిషి వస్తే పై కొమ్మకి ఎగిరిపోవాలి. ఈ నాలుగూ కుదిరాక, వాన లేని రోజు పొద్దున్నే, బయట గోరింకలు దిగి ఉన్న టైములో దోమతెర ఒక పక్క ఎత్తి కట్టి అవతలికి వెళ్ళిపో. పట్టుకుని గాల్లోకి విసరకు. వీడియో కోసం అలా చేసేవాళ్ళని చూశాను, పిట్ట బెదిరి దిక్కు తోచని వైపు పోతుంది. తమంతట తామే వెళ్ళాలి. తెర మాత్రం తెరిచే ఉంచు, అదే చోట తిండి, నీళ్ళు పెడుతూ ఉండు. సాయంత్రం తిరిగొచ్చి తింటాయి, రాత్రి అక్కడే పడుకుంటాయి. రానురానూ గుంపుతో పోయి చెట్టు మీద వాలడం అలవాటవుతుంది. వాయుగుండం అని రేడియోలో చెబితే మాత్రం ఆగు, అది తేలిపోయాక వదులు.

నువ్వు బయట కనబడినప్పుడు అవి నీ వైపు వస్తే చెయ్యి చాచకు. తిరిగి లోపలికి వెళ్ళిపో. నాకూ ఏడుపొస్తుంది ప్రతిసారీ, అయినా అలాగే చేస్తాను.

లంకరైతు:

అమ్మా, మళ్ళీ వచ్చాను. మొద్దులో పిల్లలు బాగా పెరిగాయి. ఈ పొద్దున్న ఒకటి దూకేసింది. ఒంటి నిండా ఈకలు, తోక మాత్రం పొట్టిగా ఉంది. కంచె కింద గెంతుతోంది, ఎగరలేకపోతోంది. మా అమ్మాయి పట్టుకుని మొద్దులో పెట్టేద్దామంటోంది. పెట్టనా? లేక మీరు చెప్పినట్టు దోమతెర కట్టి పెంచనా?

కుట్టుమిషను:

వద్దండి, రెండూ వద్దు. ఆ వయసు పిల్లలు గూట్లోంచి దూకి కొన్నాళ్ళు నేల మీద, పొదల్లో తిరగడం మామూలే. రెక్క బలం అక్కడే వస్తుంది. మొద్దులో పెడితే మళ్ళీ దూకుతుంది. తల్లిదండ్రులు కిందకి దిగి దానికి పెడతాయి, కాసేపు దూరంగా ఉంటే మీకే కనిపిస్తుంది. ఊళ్ళలో జనం దిక్కులేనిదని ఎత్తుకొచ్చేవాటిలో ఎక్కువ ఇలాంటి పిల్లలే, వాటిని ఎత్తుకురావడమంటే తల్లి నుంచి లాక్కోవడమే.

కుక్కని కట్టెయ్యండి, పిల్లిని పగలంతా ఇంట్లో ఉంచండి. చీకటి పడ్డాక కూడా నేల మీదే ఉంటే ఒక్కసారి రెండు చేతులతో ఎత్తి, అక్కడే గుబురుగా ఉన్న జామకొమ్మ మీద పెట్టి వచ్చెయ్యండి. మిగతా రెండూ రేపో ఎల్లుండో దూకుతాయి, గాబరా పడకండి. మీ అమ్మాయిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పెద్దవి ఏమేం తెస్తున్నాయో పుస్తకంలో రాయమనండి. నాకు కూడా పంపించండి, మీ లంకలో అవి ఏం తింటున్నాయో నాకు తెలుసుకోవాలని ఉంది.

పిల్లలు వెళ్ళిపోయాక మొద్దు విప్పకండి. గోరింకలు ఒకే ఏడాదిలో రెండోసారి కూడా గుడ్లు పెడతాయి. వర్షాలకి తాడు నానిపోతుంది కాబట్టి దింపు అతను ఈసారి కాయ దింపడానికి వచ్చినప్పుడు కట్లు చూసి బిగించమనండి.